క్యోటోలో అమ్మ చేతి మీద దద్దుర్లు

మే నెలలో జపాన్ వెళ్లాం. క్యోటోలో మూడో రోజు పొద్దున్నే అమ్మ చెయ్యి చూపించింది. ఎడమ ముంజేయి మీదా, మెడ చుట్టూ చిన్న చిన్న ఎర్రటి పొక్కులు, ఒకదాన్నొకటి ఆనుకుని. రాత్రంతా గోక్కుంటూనే ఉందట, నన్ను మాత్రం లేపలేదు. "ఇంత దూరం వచ్చి ఇదేం గొడవరా" అని ఆవిడ బాధ. బీపీ మాత్రలు వేసుకునే మనిషి కదా అని నా టెన్షన్.

తొందరలో పెద్దాసుపత్రికి పరుగెత్తడం నేను చేసిన తప్పు. కౌంటర్లో అమ్మాయి ఎంతో మర్యాదగా ఏదో అడుగుతోంది. ఫోన్‌లో అనువాదం 'పరిచయ లేఖ' అని చూపిస్తోంది. పాస్‌పోర్టు ఇచ్చాను, కాదంది. హోటల్ బుకింగ్ చూపించాను, మళ్లీ అదే మాట. చాలాసేపటికి అర్థమైంది, ఆవిడ అడిగేది వేరే డాక్టరు రాసిచ్చే రిఫరల్ లెటర్ అని. అక్కడ 200 పడకలు, ఆపైన ఉన్న చాలా పెద్దాసుపత్రుల్లో అది లేకుండా మొదటిసారి వెళ్తే వైద్యం ఖర్చు కాక కనీసం 7,000 యెన్లు అదనంగా కట్టాలి. 2022 అక్టోబరు నుంచి ఇదీ లెక్క. అదైనా కట్టేద్దామంటే ఆ పూటకి చర్మవ్యాధుల విభాగంలో పేర్లు రాసుకోవడం అయిపోయింది.

మమ్మల్ని గట్టెక్కించింది మేం దిగిన చిన్న సత్రం. అంతకుముందు ఒసాకాలో దిగిన హోటల్లో గది ఇంకా బాగుంది కానీ చెక్ ఇన్ కూడా మెషీన్లోనే, అడుగుదామంటే మనిషి లేడు. ఇక్కడ ఇంటావిడ అమ్మ చెయ్యి చూసి, వెంటనే దగ్గరలోని చర్మం డాక్టరుకి ఫోన్ చేసి, వేళలు కనుక్కుని, అమ్మ వయసు, ఎప్పుడు మొదలైంది, నిన్న ఎక్కడ తిరిగాం అన్నీ జపనీస్‌లో ఒక చీటీ మీద రాసిచ్చారు. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు, పలకరిస్తే పలికే మనిషి ఉన్న చోటే దిగండి. అలాంటివాళ్లు దొరక్కపోతే జపాన్ పర్యాటక సంస్థ హెల్ప్‌లైన్ ఉంది, 24 గంటలూ ఇంగ్లిష్‌లో మాట్లాడతారు.

చర్మ వైద్యాన్ని అక్కడ 'హిఫుకా' అంటారు. క్లినిక్‌లో ఫారం మొత్తం జపనీస్‌లోనే. ఫోన్ కెమెరా పెట్టి చదువుకుంటూ నింపాను. అమ్మ బీపీ మాత్రల కంపెనీ పేరు వాళ్లకి తెలియలేదు. స్ట్రిప్ వెనక అమ్లోడిపిన్ అన్న అసలు మందు పేరు చూపించగానే డాక్టరు "అమురోజిపిన్" అని చదివి తలూపారు.

నర్సు బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాల్లో గుచ్చుతున్నట్టు చూపిస్తూ "చికుచికు?" అని అడిగింది. తర్వాత అరచేత్తో విసురుకుంటూ "హిరిహిరి?" అంది. నేను ఫోన్ తీసేలోపే అమ్మ, "చురుక్కు చురుక్కుమంటోందమ్మా, మంట కాదు" అని తనూ వేళ్లతో గుచ్చి చూపించింది. నర్సు నవ్వి రాసుకుంది. అప్పటిదాకా బిగుసుకుపోయి కూర్చున్న అమ్మ మొహం అప్పుడు కాస్త తేటపడింది.

డాక్టరు కంప్యూటర్లో ఒక గొంగళిపురుగు ఫొటో తెరిచారు. పేరు చాదోకుగా, తేయాకు, కమేలియా మొక్కల మీద ఉంటుంది. ముందురోజు గుడికి వెళ్లే సందులో అమ్మ చెప్పులో రాయి తీసుకోవడానికి పొదల కంచె మీద చెయ్యి ఆనించింది! ఆ పురుగు నూగు తగిలే ఈ దద్దుర్లు. అది మిల్లీమీటరులో పదో వంతు, కంటికి ఆనదు. బట్టలకి కూడా అంటుకుంటుంది. ఆ రోజు కప్పుకున్న శాలువానే అమ్మ రాత్రి మెడకి చుట్టుకుని పడుకుంది. డాక్టరు తన చేతి మీద టేపు అంటించి, పైకి లాగి చూపించారు: ముందు ఇలా నూగు తీసెయ్యాలి, తర్వాత ధారగా నీళ్లు పోసి కడగాలి, గోకకూడదు, రుద్దకూడదు. బట్టలు విడిగా, 50 డిగ్రీలు దాటిన వేడినీళ్లలో నానబెట్టాలి.

మందులు వేరే షాపులో తీసుకోవాలి. ప్రిస్క్రిప్షన్ రాసిన రోజుతో కలిపి నాలుగు రోజులే చెల్లుతుంది. ఫార్మసిస్టు స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్‌ని తన చూపుడువేలి చివరి గీత నుంచి కొస దాకా పిండి, ఇంతతో రెండు అరచేతులంత మేర రాయాలని చూపించారు. దురద మాత్ర కవరు మీద చందమామ బొమ్మ వేసిచ్చారు.

క్లినిక్ నాకు చాలా నచ్చింది. కాకపోతే కార్డు తీసుకోలేదు, నోట్లు దగ్గరుంచుకోండి. ఇన్సూరెన్స్ కోసం రసీదులు అడిగి తీసుకోండి. దద్దుర్లకి రోజూ ఫొటోలు తీయండి, మొదటి రోజుది నేను తీయలేదు, డాక్టరు అడిగిందేమో అదే.

రెండు రోజులకి దురద తగ్గింది. ఫుషిమి ఇనారి గుడి మెట్లెక్కుతూ అమ్మ ప్రతి పొద దగ్గరా శాలువా దగ్గరికి లాక్కుని, నన్ను కూడా ఇవతలికి లాగింది.