గేటు కొలిచాకే రైడింగ్ మోవర్ బేరం: బెంగళూరు పెరళ్లకు ఏది నప్పుతుంది?

రైడింగ్ మోవర్, అంటే కూర్చుని నడిపే గడ్డికోత యంత్రం కొనడానికి వెళ్లినవాళ్లు షోరూమ్‌లో మొదట అడిగేది ‘ఎన్ని హార్స్‌పవర్?’ అని. ఇంటి పచ్చిక కోయడానికి ఈ తరగతిలోని ఏ ఇంజనైనా సరిపోతుంది. యంత్రం పక్క గేటులో పట్టకపోయినా, కొబ్బరి చెట్ల మధ్య తిరగలేకపోయినా, తెగిన బెల్టు నడి వానాకాలంలో దొరక్కపోయినా ఎన్ని హార్స్‌పవర్ ఉండీ లాభం లేదు. అందుకే ఇక్కడ ఇంజన్ గురించి తక్కువ, గేటు, గడ్డి, రిపేరు గురించి ఎక్కువ.

ముందు విస్తీర్ణం. 30×40, 40×60 సైట్లలో ఇల్లు పోగా మిగిలే పచ్చికకు రైడింగ్ మోవర్ ఆలోచనే అక్కర్లేదు. దేవనహళ్లి, కనకపుర రోడ్డు, నెలమంగల వైపు ఫార్మ్ ప్లాట్లలో ఇళ్లు కట్టుకున్నవాళ్లకే ఈ లెక్క. ఎకరానికి ఇక్కడి కొలతలో 40 గుంటలు, ఆంధ్రా వైపు లెక్కలో 100 సెంట్లు. ఇల్లు, దారి, చెట్ల పాదులు అన్నీ తీసేసి కేవలం పచ్చిక 10 గుంటల లోపు ఉంటే 21 అంగుళాల సెల్ఫ్ ప్రొపెల్డ్ మోవర్ (తనంతట తానే ముందుకు కదిలేది, మనం వెనక నడవాలి) చాలు, గంటలోపే పని అయిపోతుంది. 20 గుంటలు దాటితే కూర్చుని నడిపే యంత్రానికి అర్థం ఉంది. మధ్యలో ఉన్నవాళ్లు మాత్రం కోసేది ఎవరు, వాళ్ల వయసెంత అన్నది చూసుకుని తేల్చుకోవాలి.

డెక్, అంటే బ్లేడ్లు ఉండే కింది పెట్టె వెడల్పు దగ్గర చాలామంది అనవసరంగా ఖర్చు పెడతారు. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడుపుతూ, మలుపులకు, గీత మీద గీత కలవడానికి 30 శాతం వృథా తీసేస్తే, 42 అంగుళాల డెక్ ఎకరం కోయడానికి సుమారు 65 నిమిషాలు పడుతుంది. 38 అంగుళాలదానికి 72 నిమిషాలు, 30 అంగుళాలదానికి గంటన్నర. 38 నుంచి 42కు వెళ్తే ఎకరానికి మిగిలేది ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాల కోసం గేటు పగలగొట్టించుకోవడం తెలివైన పని కాదు.

గేటు సంగతి ఇదీ. 42 అంగుళాలు అనేది బ్లేడ్లు కోసే వెడల్పు మాత్రమే. పక్కకు గడ్డి విసిరే షూట్ మరో 8 నుంచి 10 అంగుళాలు బయటికి వస్తుంది. దాన్ని పైకి మడిచినా డెక్ వెడల్పు తగ్గదు. ఇంటి ముందు కారు గేటు పెద్దదే కావచ్చు, వెనక పెరట్లోకి వెళ్లే పక్క సందు చాలా ఇళ్లలో మూడు, మూడున్నర అడుగులే. పైగా అదే సందులో సంపు మూత ఉంటుంది. యంత్రం దాదాపు 200 కిలోలు, దానిమీద మనిషి బరువు. కారు బరువుకు తగ్గట్టు వేసిన మూత కాకపోతే దానిమీదుగా నడపకూడదు. హస్క్‌వార్నా టీఎస్ 138 లాంటి పక్కకు విసిరే రకం డెక్కే 97 సెంటీమీటర్లు. స్టిల్ ఆర్‌టీ 4082 లాంటివి 80 సెంటీమీటర్లు కోసి, గడ్డిని వెనకనున్న పెట్టెలోకి పంపుతాయి, పక్క షూట్ ఉండదు. సందు ఇరుకైన ఇళ్లకు ఈ రెండో తరహా మేలు. ఏ మోడలైనా కేటలాగులో ‘మొత్తం వెడల్పు’ అన్న అంకె చూడండి, కోత వెడల్పు కాదు.

జీరో టర్న్ గురించి బెంగళూరులో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఉన్నచోటే తిరుగుతుంది, చెట్ల చుట్టూ అందంగా కోస్తుంది, నిజమే. కానీ దాని ముందు చక్రాలు ఊరికే తిరిగే క్యాస్టర్లు. మలుపూ బ్రేకూ రెండూ వెనక చక్రాలతోనే. వాన పడ్డాక ఎర్రమట్టి వాలులో ఆ రెండు చక్రాలు జారితే మలుపూ ఉండదు, ఆగడమూ ఉండదు. చదునైన, రాళ్లు లేని పచ్చిక ఉన్నవాళ్లు తప్ప దాని జోలికి వెళ్లొద్దు. వాలు కొలవడం సులువు. పది అడుగుల అల్యూమినియం పైపు మీద రసమట్టం పెట్టి, మెరక వైపు కొన నేలకు ఆనించి సమంగా పట్టుకోండి. పల్లం వైపు కొన నేలకు 21 అంగుళాలు ఎత్తులో ఉంటే అది 10 డిగ్రీలు, 32 అంగుళాలు ఉంటే 15. చాలా మాన్యువల్స్ ఈ రెండింటిలో ఏదో ఒకదాన్నే హద్దుగా పెడతాయి. కూర్చుని నడిపేదాన్ని వాలులో పైకీ కిందికీ నడపాలి, అడ్డంగా కాదు. నడుస్తూ తోసేదానికి ఈ నియమం పూర్తిగా తారుమారు, దాన్ని అడ్డంగానే నడపాలి.

గేర్లదా, హైడ్రోస్టాటిక్కా (గేర్లు మార్చకుండా ఆయిల్ ఒత్తిడితో నడిచేది) అని అడిగితే ఆలోచించకుండా హైడ్రోస్టాటిక్ తీసుకోండి. మామిడి పాదు దగ్గర వెనక్కీ ముందుకీ పదిసార్లు ఆడించాల్సిన చోట క్లచ్ తొక్కుతూ గేరు మార్చుతూ కోయడం నడుముకు శిక్ష.

ఇక గడ్డి. ఇక్కడి నర్సరీల్లో మెక్సికన్ గ్రాస్ పేరుతో అమ్మేది సన్నటి ఆకుల జోయ్సియా. ముచ్చటగా ఉంటుంది కానీ కొంతకాలానికి బొడిపెలు బొడిపెలుగా లేస్తుంది. రైడర్ డెక్ వెడల్పైనది, ప్రతి బొడిపెనూ అనుసరించి దిగి ఎక్కలేదు, నెత్తి గీరేసి పసుపు మచ్చలు మిగులుస్తుంది. డెక్ కింది చిన్న చక్రాలను నేలకు అర అంగుళం లోపు ఎత్తులో బిగిస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఎకరం మెక్సికన్ గ్రాస్ వేసి రైడర్ కొనాలనుకునేవాళ్లు ముందు గడ్డి మార్చడం గురించి ఆలోచించాలి. వెడల్పాటి ఆకుల బఫెలో గ్రాస్ రెండు, రెండున్నర అంగుళాల ఎత్తులో రైడర్‌కు చక్కగా ఒదుగుతుంది. గరిక జాతి బెర్ముడాను ఒక అంగుళానికి కోయాలనుకుంటే కుదరదు. చాలా రైడర్ల కనిష్ఠ ఎత్తే ఒకటిన్నర అంగుళం, ఆ నునుపు కావాలంటే కత్తెరలా కోసే రీల్ మోవరే దిక్కు.

ఒకే కోతలో ఆకు ఎత్తులో మూడోవంతు మించి తీయకూడదు. సెప్టెంబర్, అక్టోబర్ వానల్లో వారానికోసారి కోయకపోతే ఈ హద్దు దాటిపోతుంది. అప్పుడు తడి గడ్డి డెక్ కింద ముద్దగా అంటుకుని, షూట్ మూసుకుపోయి, ఇంజన్ మూలుగుతుంది. గడ్డిని తురిమి అక్కడే వదిలే మల్చింగ్ బ్లేడ్లు ఎండలోనే, వానల్లో వాటిని తీసి మామూలు బ్లేడ్లు వేయండి.

కోత వంకరగా వస్తోందంటే బ్లేడు కంటే ముందు టైర్లు అనుమానించండి. సాధారణంగా ముందువి 14, వెనకవి 10 పీఎస్ఐ దగ్గర ఉంటాయి, సరైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. పంక్చర్ షాపులో అలవాటుగా 30 కొట్టేస్తారు, దాంతో యంత్రం ఎగిరెగిరి పడుతూ గడ్డి గీరుతుంది. గాలి సరిచేశాక కాంక్రీటు నేల మీద నిలిపి, స్పార్క్ ప్లగ్ వైరు పీకి, గ్లవ్స్ వేసుకుని బ్లేడు కొసల నుంచి నేలకు కొలవండి. కుడి ఎడమలు సమానంగా, ముందు కొస వెనకదానికంటే ఎనిమిదోవంతు నుంచి పావు అంగుళం కిందికి ఉండాలి. వెనక దిగి ఉంటే కోసిన గడ్డినే మళ్లీ కోస్తుంది.

వేసవిలో ఎర్రదుమ్ము ఎయిర్ ఫిల్టర్‌ను చాలా త్వరగా మూసేస్తుంది. మాన్యువల్‌లో 25 గంటలు అని ఉంటే ఇక్కడ అందులో సగానికే చూడండి. పెట్రోల్ విషయం ఇంకా ముఖ్యం. బంకుల్లో ఇప్పుడు దొరికేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిసినది, చాలా చిన్న ఇంజన్ల మాన్యువల్స్ ఒప్పుకునేది 10 శాతం ఇథనాల్ వరకే. కాబట్టి ఈ20 వాడితే వారంటీ చెల్లుతుందని డీలర్‌తో రాతపూర్వకంగా తీసుకోండి. ఇథనాల్ గాలిలో తేమ లాగుతుంది, నెల దాటి నిలవుంటే కార్బురేటర్ గిన్నెలో తెల్లపొడి పేరుకుని జెట్ మూసుకుపోతుంది. నెలకు మించి కోత ఆపేటప్పుడు ట్యాంక్ ఖాళీ చేసి, ఇంజన్ దానంతట అదే ఆగేదాకా నడపాలి. ఆయిల్ ఎస్‌ఏఈ 30 బెంగళూరు వాతావరణానికి సరిపోతుంది. కొత్తదానికి మొదటి ఐదు నుంచి ఎనిమిది గంటల్లో, ఆపైన 50 గంటలకు లేదా ఏడాదికి ఒకసారి మార్చాలి.

డబ్బు కట్టే ముందు డెక్ బెల్టు, డ్రైవ్ బెల్టు, ఒక జత బ్లేడ్లు, ఎయిర్ ఫిల్టర్ యంత్రంతోపాటే తీసుకోండి. పొడవు కలిసింది కదా అని జేసీ రోడ్డులో కొన్న మామూలు వీ బెల్టు క్లచ్ దగ్గర జారి కాలిపోతుంది, అక్కడ కావాల్సింది అరమిడ్ అనే గట్టి కృత్రిమ నారతో చేసినది. డెలివరీ రోజున ఇంజన్ నడిపి, బ్లేడ్లు తిరుగుతుండగా, బ్రేక్ మీద కాలుంచకుండా, సీటు నుంచి కొద్దిగా పైకి లేవండి, ఇంజన్ వెంటనే ఆగాలి. కొందరు మెకానిక్‌లు అలా ఆపే సీటు స్విచ్ వైర్లను కలిపేసి ‘ఇక ఇబ్బంది లేదు సార్’ అంటారు. బ్లేడు కొస గంటకు 300 కిలోమీటర్లకు పైగా వేగంతో తిరుగుతుంది, ఆ వైర్లు కలిపిన యంత్రాన్ని ఇంట్లోకి రానివ్వకండి.

సెకండ్ హ్యాండ్‌ది చూస్తుంటే ఎన్ని గంటలు నడిచిందో చూపే అవర్ మీటర్ ఒక్కదాన్నే నమ్మొద్దు. ఇంజన్ ఆపి, ప్లగ్ వైరు తీసి, బ్లేడును పైకీ కిందికీ ఊపండి. బ్లేడు బిగించే ఇరుసు (స్పిండిల్) ఆడితే బేరింగులు పోయినట్టే. కడప బండల అంచులు తగిలినా, డెక్ మీద రోజూ పైపుతో నీళ్లు కొట్టినా మొదట పోయేవి అవే. తర్వాత 20 నిమిషాలు నడిపి వేడెక్కించి, వాలు మీద పైకి ఎక్కించండి. చల్లగా ఉన్నప్పుడు బాగా లాగి, వేడెక్కాక బలం తగ్గితే హైడ్రోస్టాటిక్ అరిగిపోయిందని అర్థం, ఆ రిపేరు ఖర్చు యంత్రం ధరలో పెద్ద భాగమే అవుతుంది, బేరం అక్కడే ఆపేయండి.