మీకర్ కొండల్లో ఎల్క్ వేట: బూట్లు, గుడారం, ఆ తర్వాతే తుపాకీ

వేటకి వెళ్లిన రెండో రోజు మధ్యాహ్నం నా ఎడమ మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ లేచి చితికింది. అప్పటికి రోడ్డుకి రెండు మైళ్ల దూరంలో, 9,000 అడుగుల పైన ఉన్నాం. "తుపాకీ గురించి రెండు నెలలు చదివావు. బూట్ల గురించి ఒక్క పూటైనా చదివావా?" అని మా పక్కింటి పెద్దాయన బయల్దేరేముందే అన్నారు. 310 డాలర్లు పెట్టి కొన్నాను కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. కొన్నవి మంచి బూట్లే. కాకపోతే వాటితో నేను నడిచింది మా ఇంటి నుంచి కాస్ట్‌కో దుకాణం పార్కింగ్ దాకా. కనీసం నెల రోజులు, బరువు వీపు మీద పెట్టుకుని, ఎత్తు పల్లాల్లో నడిచాకే అవి మన బూట్లు అవుతాయి. ఈ ట్రిప్‌లో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇదే, అదీ కుంటుతూ.

2024 అక్టోబరులో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, మీకర్ అనే ఊరి దగ్గరి కొండలకి, రెండో రైఫిల్ సీజన్‌కి (రైఫిల్‌తో వేటాడటానికి రాష్ట్రం ఇచ్చే రోజులు) వెళ్లాం. 26న మొదలై నవంబరు 3తో అయిపోయే తొమ్మిది రోజుల సీజన్ అది. మేం నలుగురం: పెద్దాయన, వాళ్లబ్బాయి, మా బావ, నేను. తండ్రీకొడుకులు ముప్ఫై ఏళ్లుగా వెళ్తున్నవాళ్లు. బావకీ నాకూ ఇదే మొదటిసారి.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఎల్క్ అంటే మన కణుజుకి చుట్టమే, కానీ దగ్గర్నుంచి చూస్తే గుర్రం గుర్తొస్తుంది. ఎదిగిన మగది 700 పౌండ్లు, అంటే 320 కిలోల దాకా తూగుతుంది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకని కొట్టడం నేరం కాబట్టి, ఫోన్‌లో చెబితే అమ్మ "పోలీసులు పట్టుకోరూ?" అంది. ఇక్కడ లెక్క వేరు. కొలరాడోలో ఎల్క్‌లు రెండున్నర లక్షల పైనే, అమెరికాలో మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. వేట ఎక్కడ, ఎప్పుడు జరగాలో రాష్ట్రమే చూసి లైసెన్సులు అమ్ముతుంది. వన్యప్రాణి శాఖ ఖర్చులో పెద్ద వాటా ఆ డబ్బే. అమ్మకి ఇదంతా చెప్పాను. "సరే, ఆ చలిలో చెవులకి ఏమైనా కట్టుకో" అని పెట్టేసింది.

లైసెన్స్ సులువే, కానీ ముందే మొదలుపెట్టాలి. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ వేట శిక్షణ పూర్తిచేసినట్టు హంటర్ ఎడ్యుకేషన్ కార్డు ఉండాల్సిందే. పెద్దాయన 1948లో పుట్టారు. ఆ సంగతి మాకు రోజుకోసారి గుర్తుచేశారు. వీసా మీద ఉన్న మనవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. హెచ్-1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది. అయినా స్నేహితుడి మాట మీద వెళ్లకుండా లాయర్‌ని అడిగి వెళ్లండి, గ్రీన్ కార్డు దగ్గర పడ్డాక ఆ టెన్షన్ ఎందుకు.

డెన్వర్ నుంచి మీకర్‌కి దాదాపు నాలుగు గంటలు. ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ సొరంగం, గ్లెన్‌వుడ్ కాన్యన్ దాటాక రైఫిల్ అనే ఊరొస్తుంది. నిజంగానే ఊరి పేరు రైఫిల్. అక్కడ హైవే 13 ఎక్కి నలభై మైళ్లు ఉత్తరానికి వెళ్లాలి. వేటకి వెళ్తూ ఆ బోర్డు ముందు ఫోటో దిగకపోతే ఎలా అని బావ బండి ఆపించాడు.

మీకర్ చిన్న ఊరు. సీజన్‌లో మాత్రం ప్రతి పికప్ వెనకా ఒక ట్రైలర్, ప్రతి టోపీ నారింజ రంగే. 1896 నాటి మీకర్ హోటల్ లాబీలో గోడల నిండా ఎల్క్ తలలు. గది తీసుకోకపోయినా లోపలికి వెళ్లి చూడండి. ఉపాధ్యక్షుడిగా ఎన్నికై ఇంకా ప్రమాణం చేయని థియోడర్ రూజ్‌వెల్ట్ 1901 జనవరిలో కూగర్ల (కొండసింహాల) వేటకి వచ్చింది ఈ ఊరి చుట్టుపక్కలకే. ఊరి పేరు వెనక మాత్రం చేదు కథ ఉంది. నాథన్ మీకర్ అనే ప్రభుత్వ ఏజెంటు ఇక్కడి ఆదివాసులైన యూట్ తెగవాళ్లని బలవంతంగా రైతుల్ని చేయబోయాడు. 1879లో వాళ్ల చేతుల్లో చచ్చిపోయాడు. ఆ తర్వాత రెండేళ్లలో వైట్ రివర్ యూట్‌లందరినీ యూటాకి తరిమేశారు. మనం వేటాడేది వాళ్ల వేట నేలలోనే.

మొదటి రాత్రి ఒక మోటెల్‌లో దిగాం. రాత్రికి 140 డాలర్లు. హీటర్ పనిచేస్తే చెమట, ఆపితే వణుకు. కానీ బాత్రూంలో ఒక బుట్ట నిండా పాత ఎర్ర గుడ్డలు పెట్టి, "తుపాకులు, బూట్లు వీటితో తుడవండి, తువ్వాళ్లతో వద్దు" అని రాసిపెట్టారు. వేటగాళ్లతో ఏళ్లుగా వేగినవాళ్లకే వచ్చే ఆలోచన. ఒక్క రాత్రికి ఫర్వాలేదు. వారమంతా మోటెల్‌లోనే ఉండి వేటాడదాం అనుకుంటే మాత్రం వద్దు. తెల్లవారకముందే కొండ మీద ఉండాలంటే మూడింటికి లేచి గంటకి పైగా గతుకుల రోడ్డు మీద నడపాలి, మూడో రోజుకి అలారం మోగినా లేవరు.

ఆ సాయంత్రమే బావ తన నారింజ రంగు చొక్కా బయటికి తీశాడు. ఆకుల డిజైన్ ఉన్న కామో నారింజ. చూడ్డానికి బాగుంది. పెద్దాయన మౌనంగా చూసి, "బాగుంది, ఇంట్లో వేసుకో" అన్నారు. రూలు ఏంటంటే నడుము పైన 500 చదరపు అంగుళాల మేర మెరిసే నారింజ గానీ గులాబీ గానీ ఉండాలి, టోపీ కూడా అదే రంగు, అన్ని వైపుల నుంచీ కనిపించాలి. రంగు నిండుగా ఉండాలి, మధ్యలో డిజైన్లు ఉంటే లెక్కలోకి రాదు. ఎల్క్‌కి నారింజ రంగు మనలా కనిపించదు, అవతలి కొండ మీద తుపాకీ పట్టుకున్న మనిషికి కనిపించాలి. ఊళ్లో దుకాణం మూసే పది నిమిషాల ముందు పరుగెత్తి 15 డాలర్ల మామూలు వెస్ట్ కొన్నాడు.

మర్నాడు బ్యూఫర్డ్ వైపు ఇరవై మైళ్లకి పైగా వెళ్లి, వైట్ రివర్ నేషనల్ ఫారెస్ట్‌లో ఒక మట్టి రోడ్డు పక్కన గుడారం వేశాం. ఇలా అడవిలో 14 రోజుల దాకా ఉచితంగా ఉండొచ్చు. కొళాయి, కరెంటు, ఫోన్ సిగ్నల్ ఏవీ ఉండవు. పెద్దాయనది మందపాటి కాన్వాసు గుడారం, మధ్యలో కట్టెల పొయ్యి, పైకప్పులోంచి గొట్టం. 76 ఏళ్లొచ్చాక కొండెక్కడం మానేసి ఈ పొయ్యి బాధ్యత తీసుకున్నారు. పొద్దున నాలుగింటికి ఆయన పొయ్యి తలుపు తీసి కట్టె పెట్టే చప్పుడే మాకు అలారం. తడిసిన సాక్సులు తాడు మీద, బూట్లు పొయ్యికి మూరెడు దూరంలో. అంతకన్నా దగ్గర పెడితే అతుకు ఊడిపోతుందని రోజూ ఆయనే జరిపేవారు.

మా పక్క క్యాంపు వాళ్లు అవుట్‌ఫిట్టర్ (డబ్బు తీసుకుని వేట ఏర్పాట్లు చేసేవాడు) దగ్గర డ్రాప్ క్యాంప్ తీసుకున్నారు. గుర్రాల మీద సామాను పైకి చేర్చి, గుడారం వేసిపెట్టి వదిలేస్తారు, మిగతా వేట మనదే. మనిషికి రెండు వేల డాలర్ల పైనే అయిందట. గైడ్‌తో అయితే దానికి మూడింతలు. డబ్బుంటే డ్రాప్ క్యాంప్ తప్పుకాదు, ముఖ్యంగా మాంసం కిందికి దించడానికి గుర్రాలు వస్తాయి కాబట్టి. అయితే అవుట్‌ఫిట్టర్ రాష్ట్రంలో రిజిస్టర్ అయ్యాడో లేదో చూసుకుని, గుర్రాలు ఎన్ని రోజుల్లో వస్తాయో కాగితం మీద రాయించుకోండి. వీళ్లవి చెప్పిన రోజున రాలేదు. పాపం, కొట్టిన ఎల్క్ మాంసాన్ని చెట్టుకి వేలాడదీసి ఒకటిన్నర రోజు ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నారు.

సామాన్ల సంగతి. నా తుపాకీ తూటా .308, బావది 6.5 క్రీడ్‌మోర్. క్యాంపులో పొయ్యి చుట్టూ ఈ తూటాల మీద జరిగే వాదనలు ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానుల గొడవల్లాంటివి, తెగవు. కొలరాడో చట్టం ఎల్క్‌కి కనీసం .24 కాలిబర్ (అంగుళాల్లో తూటా వ్యాసం), 85 గ్రెయిన్ల బరువున్న తూటా ఉండాలంటుంది. ఆ పైన ఏదైనా, మన చేయి నిలకడగా ఉంటే సరిపోతుంది. మంచి బైనాక్యులర్స్‌కి మాత్రం పీనాసితనం వద్దు. రోజులో ఎక్కువసేపు చేసే పని గ్లాసింగ్, అంటే ఒకచోట కూర్చుని ఎదుటి కొండని గజం గజం వెతకడం. తుపాకీ నేను మొత్తం ట్రిప్‌లో ఒక్కసారి భుజానికి ఆనించాను, బైనాక్యులర్స్ వదిలింది నిద్రపోయేటప్పుడే. జీన్స్ ఇంట్లో వదిలేయండి, తడిస్తే ఆరవు. లోపల మెరినో ఊలు వేసుకోండి. ఇక తిండి: ఎనర్జీ బార్లు చలికి రాయిలా గడ్డకట్టాయి. బావ వాళ్లమ్మగారు చేసిచ్చిన సున్నుండలు మాత్రం మెత్తగానే ఉన్నాయి, కవరు చప్పుడు కూడా లేదు. "ఆ నెయ్యి వాసనకి ఎల్క్‌లన్నీ యూటాకి పోతాయి" అంటూనే పెద్దాయన రోజుకి మూడు తినేవారు.

మొదటి రెండు రోజులూ ఎండ. వాటి బొచ్చు చలికాలానికి సిద్ధమైపోయి ఉంటుంది కాబట్టి ఎండ కాస్తే ఎల్క్‌లు నీడగా ఉండే దట్టమైన అడవిలో పడుకుని కదలవు. సెప్టెంబరులో జత కోసం అరిచే బుల్స్ (మగ ఎల్క్‌లు) ఈపాటికి నోరు మూసుకుంటాయి. మన వాసన మోసుకెళ్లే గాలి ఇంకో శత్రువు. పొద్దున చల్లగాలి కిందికి జారుతుంది, ఎండెక్కాక పైకి తిరుగుతుంది. ఆ తిరిగే గంటలో మనం ఎక్కడున్నామన్నదే లెక్క. గాలి ఎటు వీస్తోందో తెలియడానికి చిన్న సీసాలో పౌడరు పెట్టుకుని నొక్కి చూస్తూ నడిచాం.

సోమవారం సాయంత్రం, చీకటి పడటానికి ఇంకా నలభై నిమిషాలుండగా, ఆకు రాలిన ఆస్పెన్ చెట్ల మధ్య ఒక బుల్ నిలబడి ఉంది. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌లో 180 గజాలు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. రూలు ప్రకారం కొట్టాలంటే ఒక కొమ్ముకి నాలుగు మొనలైనా ఉండాలి, లేదా నుదుటి దగ్గరి మొన ఐదు అంగుళాలైనా ఉండాలి. ఒకటి, రెండు, మూడు. నాలుగోది కొమ్మో, వెనకున్న ఆస్పెన్ రెమ్మో తెలియలేదు. నా ఊపిరికి అద్దాలు మసకబారాయి. తుడిచి మళ్లీ పెట్టేసరికి అది తల దించి మేస్తోంది. పెద్దాయన అబ్బాయి నా పక్కనే ఉండి ఏమీ అనలేదు. కొట్టమనలేదు, వద్దనలేదు. అది నెమ్మదిగా నడుచుకుంటూ చెట్లలోకి వెళ్లిపోయింది. "నాలుగే ఉన్నాయనుకుంటా" అన్నాడు తర్వాత, దారిలో. "అనుకుంటే చాలదు" అని తనే అన్నాడు.

మంగళవారం మంచు పడింది. బుధవారం పొద్దున మంచులో అడుగుజాడలు పట్టుకుని వెళ్లిన పెద్దాయన అబ్బాయికి 240 గజాల దూరంలో ఐదు మొనల బుల్ దొరికింది, ఒక్క తూటా. అక్కడి దాకా అందరూ చెప్పే కథే. అది పడిన చోటు నుంచి రోడ్డుకి రెండున్నర మైళ్లు. ముందు లైసెన్స్ ట్యాగ్ మీద సంతకం, తేదీ. తర్వాత పొట్ట తెరవకుండానే చర్మం వెన్ను మీద నుంచి ఒలిచి, ముందు కాళ్లు, వెనక కాళ్లు, వెన్ను కండలు, లోపలి మెత్తటి కండ ఒక్కొక్కటిగా తీయడం. బ్లేడు మార్చుకునే సన్నకత్తి ఒకటి చాలు, మేం నాలుగు బ్లేడ్లు మార్చాం. మగదని తెలిసే ఆనవాలు మాంసానికి అంటుకునే ఉండాలి. తినదగిన మాంసం అడవిలో వదిలేస్తే నేరం. నా వంతుకి ఒక వెనక తొడ వచ్చింది, ఎముకతో 55 పౌండ్ల పైనే. బొబ్బ మీద టేపు, రెండు చేతుల్లో కర్రలు, ముందు బావ హెడ్‌ల్యాంపు. రెండు విడతలు తిరిగి గుడారం చేరేసరికి రాత్రి పదిన్నర. పక్క క్యాంపు వాళ్లు ఇద్దరు, మా దీపాలు చూసి ఎదురొచ్చి, మేం అడక్కుండానే చెరో సంచీ భుజాన వేసుకున్నారు. వాళ్ల గుర్రాలు అప్పటికీ రాలేదు.

మర్నాడు ఊళ్లో మాంసం కోసిచ్చే చోట క్యూ. సీజన్‌కి ముందే ఫోన్ చేసి తేదీ చెప్పి ఉంచితే బాగుండేది. మాకు మూడు వారాలు పడుతుందన్నారు, అదీ 380 డాలర్లు. మా మాంసమే మాకు ఇస్తారా, కలిపేస్తారా అని అడిగితే సరైన జవాబు రాలేదు. బయటికొచ్చేసి, ఐస్ కొని, కూలర్లలో సర్దుకుని ఇంటికొచ్చి గరాజ్‌లో మేమే కోసుకున్నాం. రెండు సాయంత్రాలు పట్టింది. కత్తులు పదును పెట్టడం వచ్చినవాళ్లకి ఇదే మేలు. అంతకుముందే పెద్దాయన పట్టుబట్టి తలని మీకర్‌లో వన్యప్రాణి శాఖ ఆఫీసుకి తీసుకెళ్లి క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ పరీక్షకి ఇప్పించారు. జింకలకి, ఎల్క్‌లకి వచ్చే ఈ మెదడు జబ్బుని మొదట గుర్తించింది 1960ల చివర్లో కొలరాడోలోనే. మనుషులకి సోకినట్టు ఆధారం లేదు, అయినా జబ్బు ఉందని తేలిన మాంసం తినొద్దనే అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ సలహా. ఆఫీసులో పని ఐదు నిమిషాల్లో అయిపోయింది, చక్కగా మాట్లాడారు.

రెండు వారాలకి జబ్బు లేదని మెయిల్ వచ్చింది. ఆ ఆదివారం కాళ్ల దగ్గరి కండ అల్లం వెల్లుల్లి దట్టించి కుక్కర్లో పెడితే ఏడు విజిల్స్‌కి గానీ లొంగలేదు. కొవ్వు దాదాపు ఉండదు కాబట్టి నూనె మటన్‌కి వేసేదానికన్నా కాస్త ఎక్కువే పోయాలి. వెన్ను కండ మాత్రం ముదరనీయకుండా పెనం మీద రెండు వైపులా కాల్చి తీసేయండి, కూర చేస్తే పాపం. పెద్దాయన గిన్నె పట్టుకుని వచ్చారు. కూర వడ్డించుకుని, నా కాళ్ల వైపు చూసి, "ఆ బూట్లు వేసుకునే ఉన్నావా?" అన్నారు. వేసుకునే ఉన్నాను.