కోల్డ్ రూమ్ అలారం మరమ్మతు: మారతహళ్లి దగ్గరి సర్వీసు సంస్థపై సమీక్ష

బెంగళూరులో మెస్సులు, స్వీటు దుకాణాలు, పాల కేంద్రాలు నడిపే మన తెలుగువారికి కోల్డ్ రూమ్ మరమ్మతు చేసేవారు చాలామందే దొరుకుతారు కానీ, అలారం ఎందుకు మోగుతోందో తేల్చుకున్నాకే పనిలోకి దిగేవారు అరుదు. మారతహళ్లి దగ్గరి ఒక చిన్న సర్వీసు సంస్థ పనితీరు ఈ విషయంలో నాకు ఎంతో నచ్చింది.

మా మెస్సులో పాలు, పెరుగు, కూరగాయలు ఉంచే గది సెట్ పాయింట్ (నిలపాల్సిన ఉష్ణోగ్రత) 3 డిగ్రీలు. కంప్రెసర్‌ను నడిపి ఆపే కంట్రోలర్ తెర మైనస్ 2 చూపుతూ తక్కువ ఉష్ణోగ్రత అలారం మోగించేది. నిజంగా అంత చలి ఉంటే నీళ్లు గడ్డకట్టాలి. మా గదిలో మాత్రం పెరుగు మామూలుకంటే ముందే పులిసిపోయేది. అంతకుముందు వచ్చిన వేరొక మెకానిక్ అలారం హద్దును మైనస్ 5కి దించి వెళ్లారు. మోత ఆగిందే తప్ప పెరుగు పులియడం ఆగలేదు.

ఈ సంస్థ పంపిన టెక్నీషియన్ మదనపల్లె వైపు వారు. కంట్రోలర్ బటన్లు ముట్టుకోకుండా, ముందుగా తన థర్మామీటరును నీళ్ల గ్లాసులో ముంచి, గది ఉష్ణోగ్రతను కంట్రోలర్‌కు చెప్పే సెన్సర్ పక్కన పెట్టారు. “గది నిజంగా చల్లబడిందా, తెర మాత్రమే అలా చెబుతోందా అన్నది ముందు తేలాలండీ” అన్నారు. నీళ్లు 7 డిగ్రీల దగ్గర నిలిచాయి. నీళ్లు కూడా సున్నా వైపు దిగి ఉంటే కంప్రెసర్ ఆగడం లేదని అర్థమట. అప్పుడు కంప్రెసర్‌కు కరెంటు కలిపే స్విచ్చుల్లో, అంటే అతుక్కుపోయిన రిలేనో కాంటాక్టరునో వెతకాలి. తెర ఒక్కటే తక్కువ చూపితే అనుమానం సెన్సర్ మీదకూ దాని తీగ మీదకూ పోతుంది.

మాది ఎన్‌టీసీ సెన్సర్. చలి పెరిగేకొద్దీ దీని నిరోధకత (కరెంటుకు అడ్డుపడే గుణం) పెరుగుతుంది: 25 డిగ్రీల దగ్గర 10 కిలోఓములు ఉండేది, సున్నా దగ్గర సుమారు 27కు చేరుతుంది. ఆయన సెన్సర్ కొనను మంచునీటిలో ఉంచి, తీగలోని అతుకుకు ముందే కొలిచినప్పుడు లెక్క సరిగ్గానే వచ్చింది; కంట్రోలర్ చివర కొలిస్తే చాలా ఎక్కువ వచ్చింది. గది లోపల టేపు చుట్టి వదిలేసిన అతుకులోకి తేమ చేరి, రాగి పచ్చగా తుప్పుపట్టింది. ఆ తుప్పు కలిపిన నిరోధకతను కంట్రోలర్ చలిగానే లెక్కగట్టి, కంప్రెసర్‌ను ఆపేసి, అలారం మోగించేది. గది మాత్రం వేడెక్కుతూ పోయేది. చలి పెరిగేకొద్దీ నిరోధకత తగ్గే పీటీసీ రకం సెన్సర్లలో ఇది తలకిందులవుతుందని, అందుకే ముందు సెన్సర్ రకం తెలుసుకోవాలని కూడా ఆయన ఓపికగా చెప్పారు.

కొత్త కంట్రోలర్ అమ్మే అవకాశం ఉన్నా ఆయన ఆ మాటే ఎత్తలేదు. పాత అతుకు కోసేసి, గది బయట టంకం వేసి, వేడికి బిగుసుకునే ష్రింక్ స్లీవ్ తొడిగి, సెన్సర్ తీగను కంప్రెసర్ తీగల నుంచి దూరంగా లాగారు. మునుపటి మెకానిక్ మార్చిన హద్దును తిరిగి సరిచేశారు. సెట్ పాయింట్‌కు మరీ దగ్గరగా హద్దు పెడితే, కంప్రెసర్ ఆగిన తర్వాత కూడా కాసేపు దిగే చలికే అలారం మోగుతుందట. అందుకే సున్నా దగ్గర ఉంచి, కొన్ని నిమిషాల ఆలస్యం కూడా పెట్టారు. కంట్రోలర్‌ను బట్టి అలారం గుర్తు మారుతుందన్నారు: క్యారెల్ కంపెనీ కంట్రోలర్ తెరపై ‘ఎల్‌ఓ’ అని, డిక్సెల్ కంపెనీదానిపై ‘ఎల్‌ఏ’ అని వస్తుంది.

లోపాలు లేకపోలేదు. ఫోన్ చేసిన రోజు ఎవరూ రాలేదు. పాలు నిలవ ఉంచేవారికి ఒక్క రాత్రి కూడా నష్టమే. ఖర్చు ముందుగా నోటిమాటగానే చెప్పారు, మార్చిన సెట్టింగులు కాగితం మీద రాసి ఇవ్వలేదు. నేను అడిగాక రాసి ఇచ్చిన చీటీని కంట్రోలర్ పెట్టె తలుపు లోపలి వైపు అతికించుకున్నాను. ఇక్కడ పని చేయించుకునేవారు ఆ చీటీని తప్పక అడిగి తీసుకోవాలి.