డీవీడీ ప్లేయర్ కొనేముందు వెనక్కి తిప్పి చూడండి

మా ఇంట్లో డీవీడీ ప్లేయర్ ఇప్పటికీ నడుస్తోంది. పాత తెలుగు సినిమాల డిస్కులు ఓ అర నిండా ఉన్నాయి, అందులో కొన్ని ఓటీటీల్లో వెతికినా దొరకవు. ఏళ్ల తరబడి వాడిన అనుభవంతో చెబుతున్నాను: బొమ్మ, ధ్వని బాగుండాలంటే కంపెనీ పేరు కంటే వెనకవైపు ఏయే సాకెట్లు ఉన్నాయో చూడటం ముఖ్యం.

పసుపు, ఎరుపు, తెలుపు సాకెట్లు మాత్రమే ఉన్నదైతే వదిలేయండి. పసుపు వైరులో వెలుగు, రంగు కలగలిసి వెళ్తాయి. టీవీ వాటిని మళ్లీ పూర్తిగా విడదీయలేదు. అందుకే ఎర్ర చీర అంచు దగ్గర రంగు చెదురుతుంది, టైటిల్స్ చుట్టూ చుక్కలు పాకుతాయి. నాది హెచ్‌డీఎంఐ ఉన్న మధ్యరకం ప్లేయర్. అందులో ఈ రెండూ కనిపించవు. అయితే అట్టపెట్టె మీద '1080పీ' (ఫుల్ హెచ్‌డీ) అని ఉంటే మురిసిపోకండి. డిస్కుల్లో రెండు వీడియో పద్ధతులుంటాయి: ఎన్‌టీఎస్‌సీ అయితే 720×480, పాల్ అయితే 720×576 పిక్సెళ్లే. మిగతాది సాగదీయడం. ఆ పని ప్లేయర్ బాగా చేస్తుందా, టీవీ బాగా చేస్తుందా అన్నది ప్లేయర్ సెట్టింగును ఒకసారి డిస్కు సైజుకు, ఒకసారి 1080పీకి పెట్టి చూసుకోవాలి. మా ఇంట్లో టీవీదే పైచేయి.

బొమ్మ చెడటానికి డిస్కు కూడా కారణం కావచ్చు. మూడు సినిమాలు ఒకే డిస్కులో కుక్కితే ఎంత ఖరీదైన ప్లేయరూ ఏమీ చేయలేదు. ఒక పొర డిస్కులో పట్టేది 4.7 జీబీ, రెండు పొరలదైతే 8.5 జీబీ. మూడు సినిమాలు పంచుకుంటే ఒక్కోదానికి ఏం మిగులుతుంది?

నాకు ప్రాణం మాత్రం ధ్వనే. ఆంప్లిఫయర్ ఉన్నవాళ్లు డిజిటల్ ధ్వని పంపే సాకెట్ కోయాక్సియల్ గానీ ఆప్టికల్ గానీ ఉన్న ప్లేయరే తీసుకోండి, ఆడియో మెనూలో 'బిట్‌స్ట్రీమ్' పెట్టండి, అంటే డిస్కులోని ధ్వని విప్పకుండానే ఆంప్లిఫయర్‌కు వెళ్తుంది. ప్లేయరే విప్పి పంపే 'పీసీఎం'లో ఉంటే 5.1 ధ్వని, అంటే ఆరు చానెళ్లది, చాలా ప్లేయర్లలో రెండు చానెళ్లకు కుదించుకుపోతుంది. మెనూలో 'డీఆర్‌సీ' అని ఒకటుంటుంది. రాత్రి పిల్లలు నిద్రపోయాక మంచిదే గానీ, మామూలుగా ఆపేయండి. అది ఉంటే గుసగుస, గర్జన దాదాపు ఒక్క స్థాయిలో వినిపిస్తాయి. పాత మోనో సినిమాలకు సరౌండ్ ఎఫెక్టులు అసలు వద్దు. ఘంటసాల గొంతు ఎదురుగా, ఒక్కచోటి నుంచే రావాలి.

పాటలంటే ఇష్టమున్నవాళ్లకు ఇంకో మాట. సినిమా తీసేది సెకనుకు 24 ఫ్రేములతో, పాల్ వీడియో నడిచేది 25తో. అందుకని పాల్ డిస్కుల్లో సినిమాను మామూలుగా 4 శాతం వేగం పెంచి ఎక్కిస్తారు. ధ్వనిని సరిచేయకపోతే శ్రుతి కూడా పెరుగుతుంది, తెలిసిన పాటైతే చెవి పట్టేస్తుంది. ఎన్‌టీఎస్‌సీ డిస్కుల్లో ఈ బాధ లేదు. అదే సినిమా రెండు రకాల్లోనూ దొరికితే నేను ఎన్‌టీఎస్‌సీకే వెళ్తాను. ప్లేయర్‌లో మాత్రం రెండూ ఆడాలి.

కోఠి గుజరాతీ గల్లీలోనో, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో పాతది కొంటుంటే రెండు పొరల డిస్కు ఒకటి వెంట తీసుకెళ్లండి. మొదటి పాట చూసి డబ్బు ఇవ్వకండి. లేజర్ బలహీనపడితే తరచూ తడబడేది పొర మారాక, సినిమా రెండో సగంలో. ఇంటర్వెల్ దాటించి, క్లైమాక్స్ దాకా అక్కడక్కడా ఆగుతూ ఆడించి చూడండి.