పాత జియాన్ వర్క్‌స్టేషనా, కొత్త హెచ్‌ఎక్స్ ల్యాప్‌టాపా: ఏది మేలు?

ఒక పక్క ఇంటెల్ జియాన్ ఈ5-2680 వీ4. 2016లో వచ్చిన సర్వర్ ప్రాసెసర్, 14 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 28 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు). మరో పక్క ఏఎండీ రైజెన్ 9 7945హెచ్‌ఎక్స్. 2023లో వచ్చిన హై ఎండ్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్, 16 కోర్లు, 32 థ్రెడ్లు. కోర్ల లెక్క చూస్తే రెండూ ఇంచుమించు సమానమే. ధర దగ్గరికొస్తే పొంతనే లేదు. జియాన్ కొత్తగా ఉన్నప్పుడు ఇంటెల్ పెట్టిన ధర 1,745 డాలర్లు. డేటా సెంటర్లు పాత సర్వర్లను వదిలించుకున్నాక అదే చిప్ ఇప్పుడు కొన్ని వేల రూపాయలకే దొరుకుతోంది. ఆ చిప్‌తో ఉన్న డెస్క్‌టాప్‌నే ఇక్కడ వర్క్‌స్టేషన్ అంటున్నాను. హెచ్‌ఎక్స్ ల్యాప్‌టాప్ కావాలంటే లక్షన్నర దాకా చూసుకోవాల్సిందే. అందుకే ఇంజినీరింగ్ పిల్లలు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు అడుగుతుంటారు: సర్వర్ ప్రాసెసరే ఇంత చవగ్గా వస్తుంటే ల్యాప్‌టాప్‌కి అంత డబ్బు ఎందుకు పోయాలి అని.

వేగం సంగతి ముందు తేల్చేద్దాం, అందులో పెద్ద వాదనేమీ లేదు. జియాన్ టర్బోలో, అంటే అవసరానికి వేగం పెంచుకున్నప్పుడు, 3.3 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, రైజెన్ 5.4 దాకా. పైగా రైజెన్‌లోని జెన్ 4 (ఏఎండీ కోర్ డిజైన్ పేరు) కోర్ ఒక్కో సైకిల్‌లో చేసే పని కూడా ఎక్కువ. పాస్‌మార్క్ లాంటి పరీక్షల్లో ఒక్క కోర్ పనిలో రైజెన్ రెట్టింపు, అన్ని కోర్లూ కలిపి పనిచేస్తే దాదాపు మూడు రెట్లు ముందుంటుంది. ఒకే ఆదేశంతో ఎన్నో సంఖ్యల మీద లెక్క చేసే ఏవీఎక్స్-512 రైజెన్‌లో ఉంది, ఈ జియాన్‌లో దాని పాత రూపం ఏవీఎక్స్2 వరకే. ఆండ్రాయిడ్ స్టూడియోలో బిల్డ్, వీడియో ఎక్స్‌పోర్ట్, బ్రౌజర్‌లో ముప్పై ట్యాబులు తెరిచి రాసుకునే కోడ్, ఇలాంటి రోజువారీ పనుల్లో పాత జియాన్ ముందు కూర్చుంటే ప్రతి క్లిక్‌కీ ఆ తేడా తెలుస్తుంది. విండోస్ 11 కావాలంటే మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ప్రాసెసర్ల జాబితాలో ఈ జియాన్ లేదు కూడా. లినక్స్ మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది.

అలాగని సర్వర్ ప్రాసెసర్ అనే మాటకు విలువ లేదనుకోకండి. ఆ విలువ కోర్‌లో లేదు, కోర్ చుట్టూ ఉన్న ఏర్పాట్లలో ఉంది. దీనికి ఏఎండీ దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 7945హెచ్‌ఎక్స్‌లో ఎనిమిదేసి కోర్ల జెన్ 4 చిప్లెట్లు (ప్రాసెసర్‌లో కలిపి అమర్చే చిన్న చిప్‌లు) రెండు ఉంటాయి. 2022 నవంబర్‌లో వచ్చిన ఎపిక్ 9654 అనే సర్వర్ ప్రాసెసర్‌లో అదే తరహా జెన్ 4 చిప్లెట్లు పన్నెండు ఉంటాయి, మొత్తం 96 కోర్లు. కోర్ డిజైన్ రెండింట్లోనూ ఒకటే. అయినా ఎపిక్ గరిష్ఠ వేగం 3.7 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. అంటే ఒక్క కోర్ పరుగులో ల్యాప్‌టాపే ముందు! కానీ ఎపిక్‌కి 12 మెమరీ ఛానళ్లు (ర్యామ్‌కి వెళ్లే దారులు), 128 పీసీఐఈ 5.0 లేన్లు (గ్రాఫిక్స్, నెట్‌వర్క్ కార్డుల్లాంటివాటికి వెళ్లే దారులు), ఒక్క ప్రాసెసర్‌కి 6 టీబీ దాకా ర్యామ్. ల్యాప్‌టాప్ చిప్‌కి మెమరీ ఛానళ్లు రెండే. లక్షల మందికి ఒకేసారి జవాబివ్వాల్సిన యంత్రానికీ, ఒక్క మనిషి ఎదురుగా కూర్చుని వాడే యంత్రానికీ తేడా అక్కడుంది.

మన పాత జియాన్‌కీ ఆ సర్వర్ లక్షణాలు ఉన్నాయి, తరం పాతదైనా సరే. నాలుగు ఛానళ్ల డీడీఆర్4-2400 ర్యామ్ అంటే సెకనుకు 76.8 జీబీ. రైజెన్ రెండు ఛానళ్ల డీడీఆర్5-5200తో 83.2 జీబీ. ఏడేళ్ల తేడా ఉన్నా మెమరీ వేగంలో రెండూ పక్కపక్కనే నిలబడ్డాయి. ఇక పరిమాణంలో జియాన్‌ని ల్యాప్‌టాప్ అందుకోలేదు. ఇంటెల్ లెక్క ప్రకారం ఈ చిప్ 1.5 టీబీ ర్యామ్ దాకా తీసుకుంటుంది. ఎనిమిది స్లాట్ల బోర్డులో 32 జీబీ స్టిక్కులు పెట్టినా 256 జీబీ అవుతుంది. ల్యాప్‌టాప్‌లో మామూలుగా ఉండేవి రెండే స్లాట్లు.

ఇది ఎక్కడ పనికొస్తుందో చెప్తాను. కుబర్నెటిస్ (ఎన్నో యంత్రాల మీద అప్లికేషన్లు నడిపించే సాఫ్ట్‌వేర్) నేర్చుకుందామని ఆరు వర్చువల్ మెషీన్లు (ఒకే కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌తో సృష్టించే కంప్యూటర్లు) పెట్టారనుకోండి, ఒక్కోదానికి 16 జీబీ ఇస్తే 96 జీబీ అయింది. 32 జీబీ ల్యాప్‌టాప్ అక్కడే చేతులెత్తేస్తుంది. కోర్లన్నీ ఖాళీగా ఉంటాయి, ర్యామ్ నిండిపోయి స్వాప్ (ర్యామ్ చాలక డిస్క్‌ని వాడుకోవడం) మొదలవుతుంది, టెర్మినల్‌లో అక్షరం టైప్ చేస్తే కాసేపటికి గానీ కనిపించదు. ఎంత వేగమైన ప్రాసెసర్ అయినా అప్పుడు చేసేదేమీ లేదు. అదే పని 128 జీబీ ఉన్న పాత జియాన్ మీద హాయిగా సాగిపోతుంది.

ఈసీసీ గురించి కూడా చెప్పుకోవాలి. ర్యామ్‌లో ఒక బిట్ తారుమారైతే జియాన్ ఈసీసీ స్టిక్కులతో దాన్ని పట్టుకుని సరిదిద్దుతుంది. డీడీఆర్5లో ఈసీసీ ఎలాగూ ఉంది కదా అని చాలామంది అంటారు. అది ర్యామ్ చిప్ లోపలి తప్పులకే పరిమితం. స్టిక్ నుంచి ప్రాసెసర్‌కి వచ్చే దారిలో జరిగే తప్పుని అది పట్టుకోదు. గేములకీ, కోడింగ్‌కీ ఇది పెద్ద టెన్షన్ పెట్టుకోవాల్సిన విషయం కాదు. నెలల తరబడి ఆపకుండా డేటాబేస్ నడిపేవాళ్లకీ, ఇంటిల్లిపాది ఫొటోలూ బ్యాకప్ పెట్టుకునేవాళ్లకీ మాత్రం ఈసీసీ ఉండాల్సిందేనని నా పట్టు.

లేన్ల సంగతి క్లుప్తంగా చెప్తాను. జియాన్‌కి 40 పీసీఐఈ 3.0 లేన్లు, కాబట్టి రెండు గ్రాఫిక్స్ కార్డులు, ఒక 10 గిగాబిట్ నెట్‌వర్క్ కార్డు సుఖంగా పెట్టుకోవచ్చు. రైజెన్‌వి 5.0 లేన్లే అయినా, ల్యాప్‌టాప్‌లో కార్డు పెట్టుకోవడానికి స్లాట్ ఎక్కడుంది? అయితే జియాన్‌లో సొంత గ్రాఫిక్స్ లేవు, స్క్రీన్ మీద బొమ్మ రావాలన్నా ఏదో ఒక కార్డు కొనక తప్పదు.

ఇక కరెంటు. జియాన్ టీడీపీ (పూర్తి పనిలో వచ్చే వేడికి కంపెనీ ఇచ్చే అంచనా) 120 వాట్లు. వర్క్‌స్టేషన్ మొత్తం సగటున 100 వాట్లు లాగుతుందనుకుని రోజంతా ఆన్‌లో ఉంచితే నెలకు 72 యూనిట్లు. మన రెండు రాష్ట్రాల్లోనూ వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరిగే శ్లాబులే కాబట్టి, ఆ 72 యూనిట్లు వచ్చి పడేది పై రేటులోనే. చవగ్గా కొన్నామన్న సంతోషంలో కొంత బిల్లుకే పోతుంది. దానికి తోడు కరెంటు పోతే యూపీఎస్ కావాలి. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, పనయ్యాక మూత వేసేయొచ్చు. కాకపోతే అది కూడా గంటల తరబడి పూర్తి లోడ్‌లో నడవడానికి తయారైంది కాదు. పెద్ద బిల్డ్ మొదలైన కాసేపు ఫ్రీక్వెన్సీ పైనే ఉంటుంది, తర్వాత ఫ్యాన్లు హోరెత్తుతాయి, కీబోర్డు మధ్యభాగం వేడెక్కుతుంది, ఫ్రీక్వెన్సీ మెల్లగా దిగుతుంది. చార్జర్ తీసేస్తే ఇంకా పడిపోతుంది. 7945హెచ్‌ఎక్స్ టీడీపీ 55 వాట్లని రాసి ఉన్నా, అసలు ఎంత వాడుకోనివ్వాలన్నది ల్యాప్‌టాప్ కంపెనీ చేతిలో ఉంటుంది. అందుకే ఒకే చిప్ ఉన్న రెండు మోడళ్లు ఒకేలా పరిగెత్తవు.

కాబట్టి నా మాట ఇది. ఒక్కటే మెషీన్ కొనగలిగిన విద్యార్థికి, డెవలపర్‌కి హెచ్‌ఎక్స్ ల్యాప్‌టాపే మేలు, రెండో ఆలోచన అక్కర్లేదు. అంత బడ్జెట్ లేకపోతే తక్కువ ధర ల్యాప్‌టాప్ తీసుకోండి తప్ప, దానికి బదులుగా పాత జియాన్ కొనకండి. ఇప్పటికే ల్యాప్‌టాప్ ఉండి వర్చువల్ మెషీన్ల ల్యాబ్, ఇంటి సర్వర్, రెండు గ్రాఫిక్స్ కార్డులతో ఏఐ మోడల్ ట్రైనింగ్ లాంటివి చేయాలనుకునేవాళ్లకు మాత్రం జియాన్ మంచి బేరం. కస్టమర్ల డేటా పెట్టి వ్యాపారం చేసేవాళ్లు ఈ రెండూ వదిలేసి క్లౌడ్‌లో అద్దెకు తీసుకోవడం నయం.

జియాన్ వైపే మొగ్గితే, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో కొన్నా ఆన్‌లైన్‌లో తెప్పించినా, డబ్బు కట్టేముందు ర్యామ్ ఎలా పెట్టారో చూడండి. 32 జీబీ ఒకే స్టిక్‌గా పెడితే నాలుగు ఛానళ్లలో ఒక్కటే పనిచేస్తుంది, 76.8 కాస్తా 19.2 అవుతుంది. ఎనిమిదేసి జీబీల స్టిక్కులు నాలుగు అడగండి. సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ ఈసీసీ స్టిక్కులు మామూలు డెస్క్‌టాప్‌లో పనిచేయవు, రేపు తీసి వేరే దాంట్లో వేసుకుందామంటే కుదరదు. రెండు ప్రాసెసర్ల బోర్డు చూపించి 28 కోర్లని ఊరిస్తే, ఒక ప్రాసెసర్ రెండోదాని ర్యామ్‌ని అందుకోవడానికి ఎక్కువ సమయం పడుతుందని గుర్తుంచుకోండి. లినక్స్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్ కొడితే రెండు న్యూమా నోడ్లుగా (ఒక్కో ప్రాసెసర్, దాని సొంత ర్యామ్ కలిసి ఒక నోడ్) కనిపించేది అదే. వర్చువల్ మెషీన్లను ఏ నోడ్‌వి ఆ నోడ్‌కే కట్టిపెట్టుకుంటే ఆ జాప్యం చాలావరకు తప్పుతుంది.