జాగ్రత్త: పూసకు సర్టిఫికెట్ ఉంటే టీథర్‌కు ఉన్నట్టు కాదు

చేత్తో పూసలు గుచ్చి చేసిన టీథర్లు (పళ్లొచ్చే పిల్లలు కొరికేవి), పాసిఫైయర్ క్లిప్పులు (నోటి పీక కింద పడకుండా బట్టకు తగిలించేవి) ఆన్‌లైన్‌లో కొనేముందు ఇది చదవండి. "ల్యాబ్ టెస్టెడ్" అని రాసి ఉంటుంది. వాడుతుండగా దారం తెగి పూసలు ఊడిపోతాయి. అడిగితే ఒక పీడీఎఫ్ పంపి ఊరుకుంటారు.

ఆ పీడీఎఫ్ తెరిచి, పరీక్షించిన వస్తువు ఏమిటో చూడండి. "చెక్క పూస, నీలం" అనో, "సిలికాన్ ముడిసరుకు" అనో ఉంటే ఆ రిపోర్టు పూసల ఫ్యాక్టరీది. అది దొంగ రిపోర్టు కాకపోవచ్చు. పూసలో సీసం, థాలేట్లు (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాలు) ఎంత ఉన్నాయో చెబుతుంది, అంతవరకే. ముడి జారుతుందా, దారం ఎంత లాగితే తెగుతుంది అన్నది పూర్తిగా తయారైన వస్తువును లాగి చూస్తేనే తెలుస్తుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 71 ప్రకారం 6 మిల్లీమీటర్లు దాటిన భాగాన్ని 90 న్యూటన్ల బలంతో లాగుతారు, అంటే దాదాపు 9 కిలోలు వేలాడదీసినంత. మూడేళ్లలోపు పిల్లల వస్తువు నుంచి ఊడిన ముక్క 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న పరీక్ష గొట్టంలో పూర్తిగా పట్టిందంటే ఆ వస్తువు ఫెయిల్. 15 మిల్లీమీటర్ల పూస అందులో సులువుగా పడిపోతుంది.

చిన్న తయారీదారులు ఇక్కడే ఇరుక్కుంటారు. రసాయన పరీక్షకు ప్రతి రంగుకూ, ప్రతి పదార్థానికీ విడిగా ఖర్చవుతుంది. లాగే పరీక్షలో వస్తువే పాడవుతుంది. వేలల్లో చేసే ఫ్యాక్టరీకి ఇది లెక్కలోకి రాదు, ఇరవై చేసేవాళ్లకు మోయలేని భారం. అందుకే రసాయనాల విషయంలో సరఫరాదారు రిపోర్టు మీద ఆధారపడటం తప్పు కాదు, నిబంధనలే ఒప్పుకుంటాయి. పూస మీది రిపోర్టును మొత్తం వస్తువుకు అంటగట్టడమే మోసం.

"మాది చిన్న యూనిట్, మాకు రూల్స్ లేవు" అనే జవాబును అసలు నమ్మకండి. అమెరికాలో పిల్లల వస్తువుల భద్రతపై వచ్చిన 2008 చట్టం కింద ఆదాయ పరిమితిలో ఉండి, ఒకే రకం వస్తువు ఏడాదికి 7,500కు మించకుండా చేసేవాళ్లు నమోదు చేసుకుంటే కొన్ని బయటి ల్యాబ్ పరీక్షల నుంచి మినహాయింపు ఉంది. రంగులో సీసం, ఊడే చిన్న ముక్కల పరీక్షలకు అదీ లేదు. పరీక్ష నుంచి మినహాయింపు ఉన్నా పరిమితి తప్పదు: పదార్థంలో సీసం 100 పీపీఎం (పది లక్షల్లో 100 వంతులు), పైపూత రంగులో 90 పీపీఎం దాటకూడదు. ఇక యూరప్ నిబంధనలకు సరిపోతుందని చెప్పే, బొమ్మల మీది సీఈ గుర్తు చాలావరకు తయారీదారే వేసుకునేది, ల్యాబ్ ముద్ర కాదు. పక్కన తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు లేకపోతే దానికి విలువ ఇవ్వక్కర్లేదు.

అమ్మేవాళ్లను ఇలా అడగండి: "ఈ బ్యాచ్ ఏ పూసలతో, ఏ దారంతో చేశారు? టెస్టు తర్వాత ఏదైనా మార్చారా?" నిజాయితీగా చేసేవాళ్ల దగ్గర ఈ లెక్క రాసి ఉంటుంది. సరఫరాదారు మారితే పాత రిపోర్టు చెల్లదని వాళ్లకు తెలుసు.

వస్తువు వచ్చాక రెండు పూసలను దూరంగా జరిపి మధ్య దారాన్ని వెలుతురులో చూడండి. రంధ్రం అంచు గరుకుగా ఉంటే అక్కడ దారం నూగులా లేస్తుంది, తెగేదీ అక్కడే. చివరి ముడిని గట్టిగా లాగండి. ఇంట్లో నిలిచినంత మాత్రాన పాసైనట్టు కాదు, జారితే మాత్రం ఫెయిలే. క్లిప్ పొడవు కూడా కొలవండి, యూరప్ ప్రమాణంలో 220 మిల్లీమీటర్లే హద్దు.

లోపం కనిపిస్తే వెంటనే పిల్లల చేతికి అందకుండా తీసేయండి. ఇంకొకరికి ఇవ్వకండి, పారేయకండి. లేబుల్‌తో సహా ఫొటోలు తీసి, అమ్మినవాళ్లకూ మీ దేశంలోని వినియోగదారుల భద్రతా సంస్థకూ పంపండి. అదే బ్యాచ్ ఇంకెందరి ఇళ్లలో ఉందో బయటపడేది లేబుల్ మీది బ్యాచ్ నంబరుతోనే.