పీసీవీ టీకా: ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో మా అనుభవం

మా పాపకి న్యుమోకాకల్ టీకా, అదే పీసీవీ, 6 వారాలకి, 14 వారాలకి, 9 నెలలకి బూస్టర్, అన్నీ మా దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనే వేయించాం. పైసా తీసుకోలేదు, ప్రైవేటులో అయితే ఒక్కో డోసుకే వేలల్లో అవుతుంది. ఏఎన్‌ఎం గారు కార్డులో రాసి, జ్వరం వస్తే ఏం చేయాలో ఓపిగ్గా చెప్పి, అరగంట కూర్చోబెట్టాకే పంపారు. కుర్చీలు మాత్రం చాలవు, పసిపిల్లలతో ఎండలో నిలబెట్టడం అన్యాయం, ఇది మార్చాలి.

"ఉచితం కదా, పనిచేస్తుందా" అని టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట. ఈ టీకా అడ్డుకునే న్యుమోకాకస్ అనే క్రిమి రక్తంలోకో మెదడు పొరల్లోకో చేరితే ప్రాణం దక్కినా వినికిడి పోవచ్చు. అమెరికాలో 2000లో ఈ క్రిమిలోని 7 రకాల మీద పనిచేసే టీకా మొదలయ్యాక చిన్నపిల్లల్లో ఈ తీవ్ర జబ్బు బాగా తగ్గింది, టీకా వేసుకోని పెద్దవాళ్లలో కూడా తగ్గింది! తర్వాత ఆ టీకాలో లేని 19ఏ రకం పెరిగితే 2010లో 13 రకాలది తెచ్చారు. మన దేశంలో 2017లో హిమాచల్‌, బీహార్, యూపీల్లో మొదలై 2021లో అన్ని రాష్ట్రాలకీ వచ్చింది.

బూస్టర్ వదలకండి, 9 నెలలకి తట్టు టీకాకి వెళ్లినప్పుడే అదీ వేస్తారు.